33 ఏళ్లకే రిటైర్మెంట్... ఆ తర్వాత?

ఆటగాడి ఉద్యోగంలో ఓ చిక్కుంది. ఈడువాళ్లంతా ప్రమోషన్ కోసం ఎదురుచూసే వయసులో అతను రిటైరైపోతాడు. జూనియర్ బ్రిడ్జ్‌మన్ 1987లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ నుంచి తప్పుకొనేసరికి ఆయనకు 33 ఏళ్లు. ఆటలో ఆయన అందుకున్న గరిష్ఠ జీతం ఏడాదికి 3.5 లక్షల డాలర్లు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, ఇదేమో కొండంత కూడా కాదు.

పైగా ఆయన పెద్ద స్టారేం కాదు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1975లో లేకర్స్ జట్టు 8వ ఆటగాడిగా ఎంచుకుంది. కొద్ది రోజులకే, స్టార్ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్‌ను తెచ్చుకోవడానికి మిల్వాకీ బక్స్‌కు ఇచ్చేసిన నలుగురిలో ఈయన్నూ కలిపేసింది. 12 సీజన్లలో చాలాభాగం బెంచి మీద నుంచి వచ్చి ఆడే ‘సిక్స్త్ మ్యాన్’ పాత్రే. చేతిలో లూయీవిల్ యూనివర్సిటీ సైకాలజీ డిగ్రీ ఉంది.

కెరీర్ కోణంలో చూస్తే నాకు ఆసక్తిగా అనిపించేది ఆయన తర్వాత సంపాదించిన కోట్లు కాదు, ఆడుతుండగానే మొదలుపెట్టిన ఇంకో పని. ఆటగాళ్ల యూనియన్‌లో చురుగ్గా ఉండి, 1985లో అధ్యక్షుడయ్యారు. అంటే జట్ల యజమానులకు ఎదురుగా కూర్చుని జీతాల గురించి, ఒప్పందాల గురించి బేరమాడటం. డబ్బున్నవాళ్లు లెక్క ఎలా వేస్తారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి తరగతి ఏముంటుంది? మన హాస్టల్ మెస్ కమిటీ సెక్రటరీ పోస్టును తలనొప్పిగా చూసేవాళ్లు కాస్త ఆలోచించండి. సరుకుల బిల్లులు, వంటవాళ్ల అలకలు, సభ్యుల గొడవలు అన్నీ అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

తర్వాత ఆయన వెండీస్ బర్గర్ దుకాణాల ఫ్రాంచైజీలు తీసుకున్నారు. పెట్టుబడి పెట్టి ఊరుకోకుండా కౌంటర్ వెనక నిలబడి పని నేర్చుకున్నారు. ఫ్రాంచైజీలో పేరు, మెనూ, వంట పద్ధతి కంపెనీవే. అమ్మకాల్లో కొంత శాతం రాయల్టీగా కట్టాలి. ఇక యజమాని చేతిలో మిగిలేవి తక్కువే: ఎవరిని పనిలో పెట్టుకున్నాం, సరుకు ఎంత వృథా అవుతోంది, మధ్యాహ్నం రద్దీలో ఆర్డరు ఎంతసేపట్లో అందుతోంది. లాభనష్టాలు చాలావరకు అక్కడే తేలతాయి. పదిమందిని ఒక జట్టుగా నడిపించడం తెలిసినవాడికి ఇక్కడ పని సులువవుతుంది. క్రమంగా ఆయన చేతికింద 160కి పైగా వెండీస్, 100కి పైగా చిలీస్ రెస్టారెంట్లు చేరాయి. ఆ తర్వాత కోకాకోలా బాట్లింగ్‌లోకి దిగారు. 2020లో ‘ఎబొనీ’ పత్రికను కొన్నారు. 2024లో తాను ఆడిన బక్స్ జట్టులోనే 10 శాతం వాటా తీసుకున్నారు. 2025 మార్చిలో కన్నుమూశారు.

ఈ కథ చదివి బర్గర్ షాపు పెట్టేయమని చెప్పను. ఆయన పెట్టుబడి ఆట జీతంలోంచి వచ్చింది, మనకా సౌకర్యం ఉండదు. మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడేవారికి ఎక్కువగా కనిపించే దారి రైల్వే, పోలీసు వంటి శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. ఆడినన్నాళ్లూ ప్రాక్టీసుకు, టోర్నమెంట్లకు వెసులుబాటు దొరుకుతుంది. ఆట ఆగాక మాత్రం అందరిలా ఆఫీసు పనే. ప్రమోషన్ కావాలంటే శాఖాపరమైన పరీక్షలు రాయాలి. వాటిని మోకాళ్లు మొరాయించేదాకా వాయిదా వేస్తే, జూనియర్లు మనకు పైఅధికారులవుతారు. కాబట్టి డిగ్రీ మధ్యలో వదిలేయకండి, ఆడుతుండగానే పూర్తిచేయండి. వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) కావాలనుకుంటే పీఈసెట్ రాసి బీపీఈడీలో చేరొచ్చు. కోచ్ కావాలంటే పాటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉంది. వీటిలో చాలాచోట్ల ఏ స్థాయి దాకా ఆడారని అడుగుతారు. జిల్లా మ్యాచ్‌ల నుంచి ప్రతి సర్టిఫికెట్‌నూ ఒక ఫైల్లో పెట్టుకోండి. పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో సరిపోలాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తప్పుంటే, నిర్వాహకులు అందుబాటులో ఉండగానే దిద్దించుకోవచ్చు.