మెడలో గ్రంథి, మెదడుకు ముప్పు

పక్షవాతం ముసలివాళ్ళకు వచ్చే జబ్బని మనం అనుకుంటాం. చాలావరకు నిజమే. కాని ముప్పై, నలభై ఏళ్ళ వాళ్ళకూ అది వస్తుంది. అలా వచ్చినప్పుడు వైద్యులు వెతికే కారణాలలో ఒకటి మెదడులో కాదు, మెడలో ఉంటుంది!

స్వరపేటికకు కాస్త దిగువగా, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు వాయునాళాన్ని అంటిపెట్టుకొని ఉండే అవటు గ్రంథి బొమ్మను మీరు చూసే ఉంటారు. దీనినే థైరాయిడ్ అంటారు. బరువు సుమారు 20 గ్రాములే. ఆహారంలోని అయోడిన్‌తో ఇది థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. శరీరంలోని కణాలు ఎంత చురుకుగా పనిచెయ్యాలో చెప్పేది ఈ హార్మోనే.

అది మితిమీరితే ఏమవుతుంది? ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. గొంతు వాపుతోపాటు విపరీతమైన గుండెదడ ఉన్న ముగ్గురు స్త్రీలను గురించి డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో రాశాడు. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచింది. మనకు కావలసింది ఆ గుండెదడ సంగతి.

మణికట్టు దగ్గర మీ నాడి పట్టి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం దాదాపు సమానంగా ఉంటుంది. గుండెలో పై గదులైన కర్ణికలు ముడుచుకొని రక్తాన్ని కింది గదులైన జఠరికల్లోకి నెడతాయి. థైరాక్సిన్ ఎక్కువైన కొందరిలో కర్ణికలు సరిగా ముడుచుకోవు. నిమిషానికి 350 సార్లకు పైగా ఊరికే అదురుతుంటాయి. నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. నెట్టే బలం లేక, ఎడమ కర్ణికకు సంచిలా ఉన్న ఒక మూలలో రక్తం నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. పైగా థైరాక్సిన్ ఎక్కువైతే రక్తానికి గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. ఆ గడ్డ ఊడిందంటే జఠరికలోకి, మహాధమనిలోకి, అక్కడినుంచి మెడలోని ధమని గుండా మెదడుకు చేరి, దారి సన్నబడిన చోట ఇరుక్కుంటుంది. చిత్రమేమంటే, ఆ ధమని అవటు గ్రంథి పక్కనుంచే పోతుంది!

తైవాన్‌లో 18 నుంచి 44 ఏళ్ళ వయసు వారిని ఐదేళ్ళపాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. థైరాయిడ్ అతిగా పనిచేసేవారిలో 100కు ఒకరికి, మిగిలినవారిలో 1000కి ఆరుగురికి ఇటువంటి పక్షవాతం వచ్చింది. నూటికి 99 మందికి రాలేదన్నది కూడా గమనించాలి.

థైరాక్సిన్ తక్కువైనా మంచిది కాదు. రక్తంలో కొలెస్టరాల్ పెరుగుతుంది, ధమనుల గోడలు దళసరి అవుతాయి. అయితే ఇది ఏళ్ళ తరబడి సాగే వ్యవహారం.

ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డను కరిగించే సూదిమందు మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పసరు మందుల కోసం తిరిగితే ఆ వ్యవధి కాస్తా దాటిపోతుంది.

గ్రంథి జబ్బును ముందే పసిగట్టడానికి మామూలు రక్తపరీక్ష చాలు. మందులతో థైరాక్సిన్ అదుపులోకి వచ్చాక చాలామందిలో కర్ణికల అదురు దానంతట అదే ఆగి, నాడి మళ్ళీ సమంగా కొట్టుకుంటుంది.