తెర కొనేముందు: చుక్కల లెక్క, గీతల లెక్క

గత ఏడాది మేము నడిపే సాయంత్రపు తరగతికి ఒక దాత ప్రొజెక్టర్ కొనిచ్చారు. పెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డి సపోర్టెడ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. గోడకు తెల్ల దుప్పటి కట్టి ఉర్దూ ఖాయిదా మొదటి పేజీ వేశాము. బే, పే, తే, సే అక్షరాలన్నీ ఒకే పడవ ఆకారంలో ఉంటాయనీ, పైనో కిందో ఉండే నుక్తాలే వాటిని విడదీస్తాయనీ ఈ సంచిక చదివేవారిలో చాలామందికి తెలుసు. మా దుప్పటి మీద పే కింది మూడు చుక్కలూ కలిసిపోయి ఒకే మరక అయ్యాయి. ముందు బెంచీలోని పాప దాన్ని బే అని చదివింది. సరిగా చూడమని మందలించాము. తరువాత మేమే దగ్గరకు వెళ్లి చూస్తే తెర మీద ఉన్నది అచ్చం బే లాగానే ఉంది.

తప్పు పాపది కాదు, దాతదీ కాదు. పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ‘నేటివ్ రిజల్యూషన్ 800×480’ అని ఉంది. దాన్ని చదవవలసింది మేము. చదవలేదు.

ఏ తెర మీది బొమ్మ అయినా చిన్న చిన్న చుక్కల కూర్పే. ఆ చుక్కను పిక్సెల్ అంటారు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని చెప్పే లెక్కే రిజల్యూషన్. ఫుల్ హెచ్‌డి అంటే 1920×1080, మొత్తం 20,73,600 చుక్కలు. మాకు వచ్చిన ప్రొజెక్టర్‌లో ఉన్నవి 3,84,000. అంటే ఐదో వంతు కూడా లేవు. ‘సపోర్టెడ్’ అన్న మాటకు అర్థం, అంత పెద్ద బొమ్మను పంపితే పరికరం తీసుకుంటుంది అని మాత్రమే. తీసుకున్నాక తన దగ్గరున్న చుక్కల్లోకి కుదించి చూపిస్తుంది. 1080 వరుసలు 480లోకి దిగాలంటే రెండుంపావు వరుసలు ఒక్కటి కావాలి. అసలు పేజీలో రెండు వరుసల మందం ఉన్న నుక్తా ఇక్కడ ఒక వరుసను కూడా నింపదు. నుక్తాల మధ్య ఖాళీ సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు వత్తులకూ ఇదే గతి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మాత్రం ఈ కుదింపును తట్టుకుంటాయి. దుకాణంలో చూపించేది అవే.

ఇక రెండో సంగతి స్కానింగ్. దీనికి పాత టీవీ దగ్గరకు వెళ్లాలి. మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలయ్యాయి. 1982 ఆసియా క్రీడల ఏడాది రంగులు వచ్చాయి. ఆ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. అందులో కంటికి కనిపించే బొమ్మ 576 గీతల్లోనే ఉంటుంది. పిక్చర్ ట్యూబు లోపల ఒక ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, మనం కాపీ పుస్తకంలో రాసినట్టే గీత తరువాత గీత గీస్తుంది. సెకనుకు 25 బొమ్మలు. అయితే సెకనుకు 25 సార్లే తెర వెలిగితే కంటికి మినుకుమినుకుమంటుంది. 50 పూర్తి బొమ్మలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు చోటు కావాలి. అందుకని మొదట 1, 3, 5 అంటూ బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తరువాత 2, 4, 6 అంటూ సరి గీతలు గీసే ఉపాయం పట్టారు. దీన్నే ఇంటర్లేస్డ్ స్కానింగ్ అంటారు. 50 అనే అంకె మన కరెంటు ఫ్రీక్వెన్సీతో సరిపోయేలా ఎంచుకున్నదే. 60 సైకిళ్ల కరెంటు ఉన్న అమెరికాలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు.

625ను 25తో గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. పాత టీవీ నడుస్తున్నప్పుడు సన్నగా ఈల వినిపించేది ఈ లెక్కతోనే. పిల్లలకు వినపడేది, పెద్దలకు వినపడేది కాదు. వయసు పెరిగేకొద్దీ చెవి పై శ్రుతులను వదిలేస్తుంది. మా చిన్నతనంలో ‘టీవీ కూస్తోంది’ అంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

కదిలే బొమ్మకు ఈ ఉపాయం బాగుంది గానీ నిలిచి ఉండే అక్షరానికి పనికిరాలేదు. ఒకే గీత మందం ఉన్న అడ్డగీత బేసి వంతులోనో సరి వంతులోనో మాత్రమే వస్తుంది కనుక సెకనుకు 25 సార్లే వెలిగి వణుకుతుంది. 1987లో ఐబీఎం తెచ్చిన ఒక పద్ధతి 1024×768 బొమ్మను ఇలాగే ఇంటర్లేస్ చేసి చూపింది. అదే ఏడాది వచ్చిన 640×480 వీజీఏ చిన్నదే అయినా గీతలన్నీ వరుసగా గీసింది. దీన్ని ప్రోగ్రెసివ్ అంటారు. కంప్యూటర్లు చివరకు ఈ దారినే స్థిరపడ్డాయి. పెట్టె మీద 1080ఐ, 1080పీ అని కనిపించే ఐ, పీ అక్షరాలు ఈ రెండు పద్ధతులవే. ఇప్పటి ఎల్‌ఈడీ తెరల్లో కిరణం లేదు, కానీ హెచ్‌డి ఛానెళ్లు చాలావరకు ఇప్పటికీ 1080ఐ లోనే వస్తాయి. టీవీ ఆ రెండు సగాలనూ తానే కలుపుకోవాలి. సరిగా కలపలేకపోతే పరుగెత్తే ఆటగాడి అంచున దువ్వెన పళ్లు కనిపిస్తాయి. తరగతిలో కంప్యూటర్‌ను టీవీకి కలిపితే సెట్టింగుల్లో 1080పీ ఉందో లేదో చూడాలి. అంచులు తెగిపోయి కనిపిస్తే టీవీని ‘జస్ట్ స్కాన్’ లాంటి పేరున్న అమరికలోకి మార్చాలి.

మరి ఎన్ని చుక్కలు కావాలి? దూరాన్ని బట్టి. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీయగలదు. ఆరు మీటర్ల దూరంలోని చివరి బెంచీ నుంచి అది సుమారు 1.75 మిల్లీమీటర్లు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డి టీవీలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరే. అంటే ఆ పిల్లవాడికి 4కే తెర పెట్టినా తేడా తెలియదు. వాడికి కావలసింది పెద్ద తెర, పెద్ద అక్షరం. అక్షరం ఎత్తు కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలని, తెర మీద పది వరుసలకు మించకూడదని మా అనుభవం. కంప్యూటర్ బల్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. రెండడుగుల దూరంలో కన్ను 0.17 మిల్లీమీటర్లను విడదీస్తుంది. పాత 1366×768 మానిటర్‌లో చుక్క సుమారు 0.3. రోజూ రెండు గంటలు దాని ముందు కూర్చునే పిల్లకు గరుకు అంచులు కనిపిస్తూనే ఉంటాయి. మనం ఇచ్చేది మాత్రం తరచూ దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. హాలుకు 4కే టీవీ, పిల్లల బల్లకు ఎవరో వాడి వదిలేసిన మానిటర్. శిలాఫలకం హాల్లోనే కదా కనిపించేది!

ఈసారి డాబాగార్డెన్స్‌కు వెళ్లే దాతలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఖాయిదా పేజీ ఒకటి, మూడో తరగతి తెలుగు వాచకం పేజీ ఒకటి వెంట తీసుకెళ్లండి. ‘నేటివ్ ఎంత?’ అని అడగండి. పేజీ వేయించి, మీ తరగతి పొడవు ఎన్ని అడుగులో అన్ని అడుగులు వెనక్కి నడిచి చదవండి. వీలైతే ఒక పిల్లను వెంట తీసుకెళ్లండి.

ఆ ప్రొజెక్టర్‌ను మేము పక్కన పడేయలేదు. గుండె బొమ్మకూ భారతదేశ పటానికీ అది బాగానే పనికొస్తోంది. ఖాయిదా మాత్రం నల్లబల్ల మీద సుద్దముక్కతోనే రాస్తున్నాము, పే కింద మూడు చుక్కలూ విడివిడిగా.