అమ్మకు తెలిసిన ఊట



మా పుట్టింటి చేలో హైటెన్షన్ టవరు ఉంది. నా చిన్నప్పుడు ఒక పొద్దున నాన్న చేలోకి వెళ్ళేసరికి నాలుగు మూలలా సున్నంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పినవాళ్ళు లేరు. తర్వాత పంట నష్టానికి డబ్బులిచ్చారు, నాన్న తీసుకున్నారు. కానీ తనను ఒక్క మాట అడగలేదన్న బాధ ఆయన పోయేదాకా పోలేదు.

"కరెంటు లైను భూమిలోంచి వేస్తే ఈ గొడవే ఉండదు కదా వదినా" అంది మొన్న మా ఆడపడుచు. నేనూ అలాగే అనుకునేదాన్ని, జర్మనీ సంగతి చదివేదాకా.

ఉత్తరాన గాలిమరల కరెంటును దక్షిణాది ఊళ్ళకూ ఫ్యాక్టరీలకూ చేర్చడానికి అక్కడ సూడ్‌లింక్ అనే లైను వేస్తున్నారు. పొడవు సుమారు 700 కిలోమీటర్లు. 2014లో టవర్ల మీద వేస్తామంటూ దారి చూపించగానే జనం ఎక్కడికక్కడ ఎదురు తిరిగారు. 2015 చివర్లో చట్టం మారింది. ఇలాంటి పెద్ద డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) లైన్లకు ముందు భూమిలో దారి చూడాలన్నారు. దాంతో ప్లాను మళ్ళీ మొదటికొచ్చింది. 2022కి అందాల్సిన కరెంటు 2028కి జరిగింది.

మరి అందరూ ఊరుకున్నారా? లేదమ్మా, ఈసారి రైతులు లేచారు. కేబులంటే మన వీధిలో ఒక పూట తవ్వి పూడ్చేసేది కాదు. ఇది 525 కిలోవోల్టులది. మనిషి దిగేంత లోతు కందకాలు తవ్వాలి. పై మట్టి ఒక పక్కన, అడుగు మట్టి ఒక పక్కన విడిగా పోసి, అదే వరసలో మళ్ళీ పూడ్చాలి. అవి కలిసిపోయినా, తడి నేల మీద బరువైన యంత్రాలు తిరిగి మన్ను గట్టిపడినా, చేను మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కరెంటు పారే కేబులు వేడెక్కుతుంది కాబట్టి చుట్టూ నేల ఆరిపోతుందేమోనని వాళ్ళ దిగులు. పైన పైరు వేసుకోవచ్చు గానీ, లోతుగా వేళ్ళు దిగే చెట్టు పెట్టకూడదు, ఇల్లు కట్టకూడదు. చేను నాదే, కానీ మామిడి మొక్క నాటుకోలేను. ఆ బాధ మనకు అర్థం కాదా?

అయితే ఆ కొత్త ప్లానులో నాకు నచ్చిందొకటుంది. ముందే గీత గీసెయ్యలేదు. మొదట వెయ్యి మీటర్ల దాకా వెడల్పున్న పట్టీని మాత్రం చూపించారు. దాని మీద ఎవరైనా వచ్చి మాట్లాడే సభలు పెట్టారు. కాగితాలు నెల రోజులు అందరి ముందూ ఉంచారు. అభ్యంతరం రాసిచ్చినవాళ్ళ మాట విన్నారు. ఏ చేలోంచి పోవాలన్నది ఆ తర్వాతే తేలింది. ఆలస్యమైంది, ఖర్చూ పెరిగింది, నిజమే. కానీ ఆ ఆలస్యంలో సగం, మొదట్లోనే జనంతో కూర్చోనందుకు వచ్చిందని నా నమ్మకం.

మన దగ్గర 2003 విద్యుత్ చట్టం ప్రకారం, ట్రాన్స్‌మిషన్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టినవాళ్ళు ప్రకటన ఇవ్వాలి. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ ప్రకటనల్లోని చిన్న అక్షరాలను ఇకనుంచి నేను వదలకుండా చదువుతాను. మీరూ చదవండి, మీ ఊరి పేరుంటే పంచాయతీలో నలుగురికీ వినిపించండి. చేలో బావి ఎక్కడుందో, వానాకాలం నీళ్ళు ఎటు పారతాయో, ఏ మూల నేల కుంగుతుందో రాసివ్వండి. ఇవి పటంలో కనిపించవు.

మా చేలో టవరు పక్కన పాత ఊట ఒకటి ఉంది. రెండడుగులు తవ్వితే నీళ్ళొస్తాయి. నాట్లకు వెళ్ళినప్పుడల్లా అమ్మ అక్కడే దాహం తీర్చుకునేది. టవరుకు గోతులు తీసిన రోజున తవ్వేవాళ్ళ కాళ్ళ కింద నీళ్ళు ఊరాయి. మూడు రోజులు మోటారు పెట్టి తోడారు. అమ్మ గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది.