ఇరువది నాలుగు మైళ్ల చతురస్రము

చి. ల. సౌ. శారదకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు నిన్న సాయంకాలము చేరినది. వీసా నియమమును బట్టి మూడేండ్లపాటు వైద్యులు చాలని పల్లెసీమలో పనిచేయవలసియున్నదనియు, నెబ్రాస్కా రాష్ట్రములో వెబ్‌స్టర్ కౌంటీ అనుచోట నీకు స్థానము దొరకినదనియు, ‘అక్కడ ఏమీ లేదు’ అని తోడివారన్న మాట మనస్సును కలతపెట్టుచున్నదనియు వ్రాసితివి. ముప్పది యేండ్లు కళాశాలలో భూగోళశాస్త్రము బోధించి, ఆ పచ్చికబయళ్లను గోడమీది పటముపై బెత్తముతో చూపుటయేగాని కన్నులార చూడనివాడను నేను. అయినను ఆ మాట విని ఊరకుండలేక, ఉన్న పుస్తకములన్నియు మరల తిరగవేసి ఇది వ్రాయుచున్నాను.

ముందు పటము తీయుము. ఆ కౌంటీకి దక్షిణపు హద్దు 40వ ఉత్తర అక్షాంశరేఖ; దానికావల కాన్సస్. అటనుండి ఉత్తరమునకు 24 మైళ్లు, తూర్పుపడమరలుగా 24 మైళ్లు. మన జిల్లాల పొలిమేరలు వాగుల వెంటను గుట్టల వెంటను వంకరలు తిరుగుచు పోవును. అచటనో, కాపులు రాకమునుపే సర్వే గొలుసు వచ్చినది. చదరపు మైలుకు 640 ఎకరములు, అందు నాలుగవ పాలు 160 ఎకరములు. 1862 నాటి హోంస్టెడ్ చట్టము ప్రకారము ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి ఆ పాలు సొంతమగుచుండెను. నేటికిని అక్కడి బాటలు మైలుకొకటిగా గళ్లు గీసినట్లు సాగుటకు కారణమిదియే. ఆ గళ్లను లెక్కసేయక తనకు తోచినట్లు మెలికలు తిరుగుచు తూర్పునకు పోవునది రిపబ్లికన్ నది.

ఆ నది పేరునకును రాజకీయపక్షమునకును సంబంధము లేదు. పానీ అను ఆదివాసి జాతిలో కిట్కెహాకి అను శాఖవారు ఆ తీరమున మట్టియిండ్లు కట్టుకొని, మొక్కజొన్న పండించుకొనుచు, ఋతువు వచ్చినపుడు బైసన్‌ల వేటకు పోవుచు జీవించిరి. వారి సమాజమును ఐరోపావారు రిపబ్లిక్ అని పిలువగా ఆ పేరు నదికి అంటుకొన్నది. 1806లో జెబులాన్ పైక్ అను సైనికాధికారి వారి గ్రామమునకు వచ్చి, స్పెయిను పతాకమును దింపి అమెరికా పతాకమును ఎత్తుడని కోరినాడు. గైడ్ రాక్ అను ఊరి దగ్గర వారికి పవిత్రమైన గుట్ట యొకటి కలదు. 1870లలో వారు నేటి ఓక్లహోమాకు తరలిపోవలసివచ్చినది. ‘ఏమీ లేని చోటు’ అన్న మాట ఆనాడును వినబడినది తల్లీ. ఆ మాట చాటుననే ఒక జాతి ఇల్లు ఖాళీయైనది. కనుక దానిని నీ నోట రానీయకుము.

1870 జనాభా లెక్కలలో ఆ కౌంటీ మొత్తమునకు కనబడినవారు 16 మంది. పదేండ్లకు 7 వేలు దాటిరి. 1910 నాటికి 12 వేలైరి. 2020లో మిగిలినవారు 3,395 మంది. ఈ తగ్గుదలకు యుద్ధముగాని మహామారిగాని కారణము కాదు. ఏటి వాన సుమారు 25 అంగుళములు, అనగా మన అనంతపురముకంటె కొంచెమే హెచ్చు, అదియు నమ్మదగినది కాదు. అట్టి నేలమీద 160 ఎకరములు చాలునని చట్టము తలచినది, నేల ఒప్పుకొనలేదు. 1890లలో కరవు, 1930లలో మరల కరవు, ఆ కరవు నడుమనే 1935లో నూరుగురికి పైగా జనులను పొట్టనబెట్టుకొన్న రిపబ్లికన్ వరద. పిమ్మట ట్రాక్టరు వచ్చి పదిమంది పని ఒక్కడు చేయగలుగుటయు, చిన్న కమతములు పెద్దవానిలో కలిసిపోవుటయు, చదువుకొన్న పిల్లలు లింకన్ నగరమునకో ఒమాహాకో పోవుటయు జరిగినవి. నీ యెదుట కూర్చుండు ముసలి రైతు తాను చదివిన బడి మూతపడుట చూచియుండును. అతనికి మందు వ్రాయుటకు ముందు అతని పొలము ఏ దిక్కున నున్నదో, తాతలు ఏ దేశమునుండి వచ్చిరో అడుగుము.

ఆ కౌంటీ ముఖ్యపట్టణమైన రెడ్ క్లౌడ్‌లో నీవు వినక తప్పని పేరు రచయిత్రి విల్లా కేథర్‌ది. 1883లో తొమ్మిదేండ్ల పిల్లగా వర్జీనియా నుండి వచ్చిన యీమె, మొదట వైద్యురాలు కావలెనని కోరి, ఊరి వైద్యుల వెంట రోగుల యిండ్లకు పోయెడిది. ఆ యిండ్లలో చెక్, జర్మను, స్కాండినేవియా కుటుంబములు ఉండెడివి. చెట్లు లేని చోట గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలను ఇటుకలవలె కోసి గోడలు కట్టుకొన్నవారు. ఆమె 1918లో వెలువరించిన ‘మై ఆంటోనియా’ నవలను తప్పక చదువుము. అందు ఫిడేలు వాయించు చెక్ తండ్రి యొకడు, ఆ క్రొత్తదేశపు తొలి శీతకాలమును దాటలేక ప్రాణము తీసికొనును. అది కేవల కల్పన కాదు. ఆ కౌంటీలో నిజముగా జరిగిన దుఃఖమే దానికి మూలము. ఒంటరితనమును కూడ వ్యాధుల పట్టికలో చేర్చుకొని రోగిని పరీక్షింపుము. నీకును అది రాకపోదు. వచ్చిననాడు దాచుకొనక, రాత్రి యెంతయైనను మాకు ఫోను చేయుము. మంచు కురియు నెలలలో కారులో కంబళి యుంచుట మరువకుము.

ఊరికి దక్షిణముగా, కేథర్ పేరిట కాపాడబడుచున్న 612 ఎకరముల బయలున్నది. నాగలి ఎన్నడును తాకని నేల. బ్లూస్టెమ్ అను అచటి గడ్డి వేళ్లు మనిషి నిలువు కంటె లోతునకు దిగునట. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పోయి చూడుము. ముప్పది యేండ్లు పిల్లలకు పటము గీయునపుడు ఆ సీమకు పసుపుపచ్చ సుద్దనే పూసితిని. శరత్తులో ఆ గడ్డి రాగిరంగు దాల్చునని చదివితిని. నీవు చూచి, నిజముగా ఏ రంగో నాకు వ్రాయుము.

ఇట్లు
నీ మేనమామ