దగ్గు మందు సీసా

బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడింది. దాని పరిశోధకులు తుమకూరు జిల్లాలో క్షయరోగులను కలిసి విచారించారు. రోగులు అజ్ఞానం వలన వైద్యానికి రారన్న నమ్మకం అప్పుడు బలంగా ఉండేది. 1963లో వెలువడిన ఫలితం దానిని తలక్రిందులు చేసింది: సగానికి పైగా రోగులు అప్పటికే ఆస్పత్రి గడప తొక్కినవారే, అందులో చాలామంది దగ్గు మందు సీసాతో తిరిగి వచ్చినవారే.

కాటన్‌పేట ఇరుకు గదులలో పలువురు కలిసి నివసించే మనకు ఈ పాఠం నేటికీ అవసరం. దగ్గు రెండు వారాలు దాటితే, ఒక రోజు కూలి పోయినా సరే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కఫ పరీక్ష చేయమని మీరే అడగండి. కన్నడంలోనూ ఆ మాట కఫమే. భాష అడ్డు రాదు. అక్కడ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స నడుమ స్వగ్రామానికి వెళ్లవలసివస్తే ముందుగా కేంద్రంలో తెలియజేయండి. మిగిలిన మందులు అక్కడ అందే ఏర్పాటు ఉన్నది.