రానని యజమానితో ఎవరంటారు?

సమస్య

గుంటూరు దగ్గర మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో అడ్మిన్ పనులు చూస్తుంటాను. మాకు సొంత కోల్డ్ స్టోరేజీ, కారం మిల్లు ఉన్నాయి. ఆఫీసు వాళ్లు, మిల్లు పనివాళ్లు, డ్రైవర్లు, తొడిమలు తీసే ఆడవాళ్లు అంతా కలిపి డెబ్భైమంది దాకా ఉంటాం. ఏటా డిసెంబరు ఆఖర్లో గోడౌన్ ఆవరణలోనే షామియానా వేసి భోజనాలు పెట్టి, తలా ఒక స్వీటు డబ్బా, కవరు చేతిలో పెట్టి పంపడం అలవాటు. ఈ ఏడు మా ఎండీ గారి అబ్బాయి వ్యాపారం చూసుకుంటున్నారు. ఎన్నాళ్లీ షామియానా భోజనాలు అని, ఈసారి 31 రాత్రి విజయవాడలో ప్రైవేటు బోటు ఒకటి మొత్తంగా మాట్లాడి, డీజే పెట్టించి, పన్నెండు కొట్టేదాకా కృష్ణ మధ్యలోనే పార్టీ చేద్దామంటున్నారు. ముంబై నుంచి కొనుగోలుదారులు కూడా ఇద్దరు ముగ్గురు వస్తారట.

ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. బోటు అతనికి ఫోన్ చేసి ఎంతమంది పడతారని అడిగితే “ఎంతమందైనా సర్దుకోవచ్చు మేడమ్” అన్నాడు. కాగితాలు పంపమంటే “అన్నీ ఉన్నాయి, మీరు రండి చాలు” అన్నాడు. అద్దె ఒప్పందం మీద కంపెనీ తరఫున నన్నే సంతకం పెట్టమన్నారు. ఆఫీసులో కుర్రాళ్లంతా హుషారుగా ఉన్నారు. తొడిమలు తీసే ఆవిడ ఒకామె మాత్రం నన్ను పక్కకు పిలిచి, “రాకపోతే కవరు ఇవ్వరా అమ్మా?” అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. మా ఇంట్లోనేమో నీకెందుకీ తలనొప్పి, సంతకం మాత్రం పెట్టకు అంటున్నారు. వద్దని చెబితే పిరికిదాన్ననీ, పాతకాలం మనిషిననీ చిన్న సారు అనుకుంటారేమో. నా భయం మరీ ఎక్కువంటారా? చెప్పాలంటే ఎలా చెప్పాలి?

– పేరు వద్దు, గుంటూరు

సలహా

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ తొడిమలు తీసే ఆవిడ ప్రశ్న. రాకుండా ఉండే వీలు తనకుందా అని ఆవిడ మిమ్మల్ని అడుగుతోంది. పెళ్లికి పిలిస్తే వీలు పడలేదని ఫోన్ చేసి చెప్పొచ్చు, లేదా రెండు అక్షింతలు వేసి వెంటనే బస్సెక్కొచ్చు. యజమాని పిలుపు అలాంటిది కాదు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అక్కడ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని పనివాళ్లకు తెలుసు. జనవరిలో జీతం పెంచమని అడగాల్సినవాడు డిసెంబరు 31న ఒంట్లో బాగాలేదని చెప్పడు. షామియానా కింద ఈ మొహమాటం పెద్ద బరువేం కాదు. ఎనిమిదింటికల్లా తిని, కవరు అందుకుని, కడుక్కున్న చేతి తడి ఆరకముందే ఆటో పట్టుకోవచ్చు. బోటు ఒడ్డు వదిలిన నిమిషం నుంచీ ఆ వీలు పోతుంది. తాగి మీద పడేవాడి నుంచి తప్పుకోవాలన్నా, ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తోందని ఫోనొచ్చినా, డీజే మోతకు తల బద్దలైపోతున్నా, నీళ్లను చూసి కడుపులో తిప్పుతున్నా, పన్నెండు కొట్టేదాకా అక్కడే. కాదనలేని పిలుపు పిలిచి, దిగిపోలేని చోట కూర్చోబెట్టడం తగదు. ఈ ప్లానులో నాకున్న అభ్యంతరం అదే. ప్రమాదం సంగతీ ఇందులోంచే వస్తుంది. తన ఇష్టంతో ఎక్కినవాడు తన పూచీ మీద ఎక్కుతాడు. మనం ఎక్కించినవాళ్లకు పూచీ మనదే.

ఆ పూచీ ఎంత పెద్దదో కృష్ణ ఒడ్డున ఉండే మీ వైపువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తీక మాసంలో ఒక ఆదివారం. ఒంగోలు వాకర్స్ క్లబ్బు వాళ్లు కుటుంబాలతో విహారానికి బయల్దేరి, సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర హారతి చూడాలని కృష్ణలో బోటెక్కారు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఆ బోటు తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. అది అనుమతి లేని ప్రైవేటు బోటు. ఆ రోజు కృష్ణకు వరద లేదు, తుపాను లేదు, నడిసముద్రం అసలే కాదు. మీ చిన్న సారు పార్టీ చేద్దామంటున్నదీ ఆ చుట్టుపక్కల నీళ్లలోనే. రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న గోదావరిలో పాపికొండలకు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది, బతికి బయటపడ్డవాళ్లు 26 మంది. వాళ్లలో చాలామందిని ఒడ్డుకు చేర్చింది తమ పడవలు వేసుకుని వచ్చిన కచ్చులూరు గిరిజనులు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి లాగేసరికి 38 రోజులు పట్టింది. కచ్చులూరులో వరద ఉంది, ఫెర్రీ దగ్గర లేదు. రెండు చోట్లా ఎక్కినవాళ్లు చూసింది బోటు రంగూ, టిక్కెట్టూ, గుంపులో తమవాళ్లు ఉన్నారన్న ధీమా. లోపల ఏముందో చూసే పని ఎవరో ఒకరు చేసే ఉంటారని అందరూ అనుకున్నారు. మీ కంపెనీ విషయంలో ఆ “ఎవరో ఒకరు” మీరు. డెబ్భైమందీ మీ మీద భరోసాతో ఎక్కుతారు.

అవన్నీ అనుమతుల్లేనివీ, వరదలో వెళ్లినవీ, మనం మంచి బోటే మాట్లాడదాం అని చిన్న సారు అనొచ్చు. అనడమే న్యాయం కూడా. కానీ 2009 సెప్టెంబరు 30న కేరళ తేక్కడి సరస్సులో మునిగిన ‘జలకన్యక’ సాక్షాత్తూ ఆ రాష్ట్ర పర్యాటక సంస్థ నడిపిన బోటు, రెండంతస్తులది. ఒడ్డున జంతువులు కనబడ్డాయని జనం ఒక్కసారిగా ఒక పక్కకు వచ్చారు. 45 మంది పోయారు. బోటులో బరువు ఎంతన్నదానితో పాటు ఎక్కడుందన్నదీ చూడాలి. మనుషులు కింద కూర్చుంటే బరువు అడుగున ఉంటుంది, బోటు నిలకడగా ఉంటుంది. అదే మనుషులు మేడ మీద నిలబడితే బరువు పైకొస్తుంది, ఒక పక్కకు జరిగితే ఒరుగుతుంది, ఒరిగిన పక్కకే నిలబడ్డవాళ్లు ఇంకా జారతారు. పార్టీ అంటేనే నిలబడటం, ఎగరడం, మంచి పాట రాగానే స్పీకర్ల దగ్గరకు మూగడం, పన్నెండింటికి బాణసంచా కనబడగానే సెల్‌ఫోన్లు ఎత్తుకుని అందరూ ఒకే రెయిలింగు దగ్గరకు పరుగెత్తడం. అంతా సవ్యంగా ఉన్న బోటు మీద కూడా ఇవన్నీ జరుగుతాయి. చీకటి ఇంకో శత్రువు. 1989 ఆగస్టు 20న లండన్‌లో థేమ్స్ నది మీద పుట్టినరోజు పార్టీ నడుస్తున్న ‘మార్షియొనెస్’ను తెల్లవారకముందే ఇసుక తవ్వే ఓడ ఒకటి వెనకనుంచి ఢీకొట్టింది. క్షణాల్లో మునిగి 51 మంది పోయారు. లండన్ నడిబొడ్డున, రెండు ఒడ్డులా దీపాలున్న నదిలో జరిగిందది. కృష్ణలోనూ పెద్ద బోట్లు తక్కువేం కాదు. 2024 సెప్టెంబరు వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్ది చిక్కుకుంటే వాటిని తీయడానికి ఎంత తంటా పడ్డారో మీరు టీవీలో చూసే ఉంటారు.

లైఫ్ జాకెట్లు ఉంటాయి కదా అంటారా? ఉన్నాయనుకుందాం. ఆ జాకెట్టు చీర కొంగు మీద వేసి, బకిల్స్ పెట్టి, పట్టీలు బిగించి చూడండి. వదులుగా వేస్తే నీళ్లలో పడగానే జాకెట్టు పైకి లేచి మెడకు వస్తుంది, మనిషి కిందికి జారుతుంది. బిగిస్తే అరగంటకే చెమట, ఉక్క. ఆ ఫోమ్ దిమ్మలు ఒంటి మీద పెట్టుకుని ఎవరూ డ్యాన్సు చేయరు, ఫొటోలకు నిలబడరు, కొత్త చీర మీద అసలే వేసుకోరు. మొదటి పాటకే జాకెట్లన్నీ ఒక మూల కుప్ప పడతాయి. వేసుకోండని గద్దించే అధికారం ఆ రాత్రి ఎవరికి ఉంటుంది? ఎండీ గారి అబ్బాయే తీసేస్తే, కాటా దగ్గర గుమస్తా వెళ్లి వేసుకోమని చెప్పగలడా? ఇక్కడా అదే మొహమాటం. జాగ్రత్త చెప్పాల్సినవాళ్లు కింద ఉద్యోగులు, వినాల్సినవాళ్లు యజమానులు.

ఇక మీ సంతకం సంగతి. కాగితాలు చూడకుండా పెట్టొద్దు. చూశాక కూడా మీరు పెట్టొద్దు, యజమానే పెట్టాలి. దేశమంతటికీ ఇప్పుడు 2021 నాటి లోతట్టు జలరవాణా నౌకల చట్టం ఉంది. దాని ప్రకారం బోటుకు రిజిస్ట్రేషను, తనిఖీ చేసి ఇచ్చిన సర్వే సర్టిఫికెట్టు, నడిపే సరంగుకు అర్హతపత్రం ఉండాలి. ఎంతమందిని ఎక్కించొచ్చో కాగితం మీద అంకె ఉంటుంది. “ఎంతమందైనా సర్దుకోవచ్చు” అన్నవాడు ఆ అంకె చూడలేదో, చూసీ లెక్కచేయడో. ఆ ఒక్క మాటతోనే నేనైతే ఫోను పెట్టేసేదాన్ని. కచ్చులూరు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బోట్ల మీద నిఘాకు కంట్రోలు రూములు పెట్టింది. రాత్రి పన్నెండుదాకా నది మధ్యలో ఉండటానికి ఆ బోటుకు అనుమతి ఉందా అని అక్కడే అడగండి, బోటు అతన్ని కాదు. జరగరానిది జరిగితే ఆ పార్టీ ఉద్యోగంలో భాగమా కాదా, పరిహారం ఎవరివ్వాలి అని లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటారు. ఒప్పందం మీదున్న మీ పేరుకు మాత్రం ఏ వాదనా అక్కర్లేదు.

కుర్రాళ్లు హుషారుగా ఉన్నారన్నారు. నిజమే, వాళ్ల సరదా తప్పు కాదు. ఏడాదంతా కారం ఘాటులో ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసేవాళ్లకు నది గాలి కావాలనిపించడంలో వింతేముంది? షామియానా, భోజనాలు, కవరు అని ఏటా ఒకటే మూస తిప్పుతున్నారంటే విసుగెత్తే ఉంటుంది. అందుకే చిన్న సారును నేను తప్పుపట్టను. కానీ ఎవరు హుషారుగా ఉన్నారో కూడా చూడండి. పెళ్లికాని మగపిల్లలు, ఆఫీసులో కూర్చునేవాళ్లు. కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. పన్నెండింటికి ఒడ్డుకు చేరి, బస్సులో గుంటూరొచ్చి, అక్కడినుంచి తమ ఊళ్లకు ఎప్పటికి చేరతారు? మర్నాడు పనికి రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. పార్టీ ఖర్చులో వాళ్ల వాటా అది. ఎవరూ లెక్కలో రాయరు.

జనం రోజూ నదులు దాటడం లేదా, నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీల్లో పిల్లాపాపలతో వెళ్లడం లేదా అని ఇంకో మాట వస్తుంది. వెళ్తారు, వెళ్లాలి కూడా. బోటంటేనే భయపడమని నేను చెప్పడం లేదు. ఆ లాంచీ ఎక్కేవాళ్లు తమ ఇష్టంతో టిక్కెట్టు కొనుక్కుని, పగటిపూట, చూడ్డానికి వెళ్తారు. వద్దనుకుంటే ఒడ్డునే ఉండిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ తేడాను పట్టుకుంటే మీ చిన్న సారు కోరికా తీరుతుంది. పార్టీ ఒడ్డున పెట్టండి, బోటును పక్కన ఉంచండి. డిసెంబరులో ఒక ఆదివారం పగలు నది ఒడ్డునే చోటు చూసి భోజనాలు, పాటలు, ఆటలు అన్నీ నేల మీదే జరపండి. సరదా పడేవాళ్లు అనుమతి ఉన్న పర్యాటక సంస్థ బోటులో, లెక్కకు తగినంతమంది చొప్పున, కూర్చుని, జాకెట్లు వేసుకుని అరగంట తిరిగొస్తారు. ఆ అరగంటలో మందు ఉండదు, డీజే ఉండదు. మందు తాగినవాడు బోటెక్కడు. ఎండీ గారైనా సరే. కవరు మాత్రం ముందే, కంపెనీలోనే, జీతంతోపాటు ఇప్పించేయండి. అప్పుడు ఆ ఆవిడకు చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉంటుంది.

చెప్పడం ఎలా అన్నారు. భయమనే మాట ఎత్తొద్దు. వద్దు అనే మాట కూడా ముందుగా ఎత్తొద్దు. రెండు ఏర్పాట్ల ఖర్చూ ఒకే కాగితం మీద వేసి తీసుకెళ్లండి. బోటు వైపు అద్దెతోపాటు రాత్రి బస్సులు, ప్రయాణికుల బీమా, అదనపు జాకెట్లు, ఒడ్డున అంబులెన్సు, ఈతగాళ్లు, మర్నాడు మిల్లు ఆగితే పోయే పని అన్నీ రాయండి. ముంబై కొనుగోలుదారుల సంగతి వస్తే, వాళ్లు గుంటూరు వచ్చేది కాయ చూడటానికి. డిసెంబరులో కాయ ఇంకా చేలోనే ఉంటుంది. కొత్త కాయ మిర్చి యార్డుకు రావడం జనవరి నుంచి మొదలై ఫిబ్రవరి, మార్చిల్లో ముమ్మరమవుతుంది. వాళ్లను అప్పుడు పిలిచి, మచ్చు కాయ చేతిలో పెట్టి, మంచి భోజనం పెట్టించండి. మీకు అంతకంటే మంచి బేరం కుదురుతుంది. అసలు మన మిర్చి వ్యాపారానికి ఏడాది డిసెంబరు 31తో పూర్తవడం లేదు కూడా. ఎండలు ముదిరి మేలో యార్డుకు సెలవులిచ్చినప్పుడే అందరికీ ఊపిరాడేది. పెద్ద పార్టీ ఆ సెలవులకు జరిపినా తప్పులేదని చిన్న సారుతో అనండి.

అన్నీ చెప్పినా ఆయన బోటే కావాలంటే, రాతపూర్వకంగా రెండు సంగతులు అడగండి: ఒప్పందం మీద తన సంతకం, రావడం రాకపోవడం ఎవరి ఇష్టం వాళ్లదని నోటీసు బోర్డు మీద తన పేరుతో ఒక కాగితం. ఆ కాగితం అతికించాక ఎంతమంది పేర్లిస్తారో చూసి, అంతమందికి తగిన బోటే మాట్లాడండి.