పాలబండి గేరు లింకు – గ్రీజు, మరమ్మతు

ఎండాకాలంలో ఆలస్యమైన కొద్దీ పాలలో సూక్ష్మజీవులు పెరిగి పులుపు పుడుతుంది, అలాంటి పాలు కాచితే విరుగుతాయి. ఇది సభ్యులందరూ ఎరిగినదే. బల్క్ కూలర్లు పెట్టిన ఊళ్ళలో సైతం, కూలరు దాకా పాలు చేర్చేది చాలాచోట్ల మోటారు సైకిలే. అందుచేత ఈసారి పశువు సంగతి పక్కనబెట్టి, పాలు మోసే బండి గేరు గురించి చెప్పదలచాము.

40 లీటర్ల క్యాను నిండితే పాల బరువే సుమారు 41 కిలోలు. చెరో ప్రక్కా ఒకటి కడితే 80 కిలోల పైమాట, క్యాన్ల బరువు అదనం. ఇంత బరువుతో కాలువగట్టు ఎక్కుతూ మొదటి గేరుకు దించబోతే, గేరు పడక బండి న్యూట్రల్లో వెనక్కి జారిందనుకోండి. పాలూ పోతాయి, మనిషికీ దెబ్బ తగులుతుంది. ఇటువంటప్పుడు “గేరుబాక్సు పోయింది” అని ఇంజను విప్పించేవారు వున్నారు. దానికి ముందు బయట వున్న లింకును చూడమని మా సలహా.

1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి బండ్లలో గేరు పెడలు నేరుగా గేరు ఇరుసుకే బిగించి వుంటుంది. కాలిపీట కాస్త వెనక్కి వున్న బండ్లలో అలా కుదరదు. పెడలు ఒక పిన్ను మీద తిరుగుతుంది. దానికి ఒక సన్నని రాడ్డు, రాడ్డుకు రెండు కొసలా గుండు కీళ్ళు, అవతల ఇరుసు పళ్ళమీద బిగించిన చిన్న చెయ్యి. దీన్నే లింకు అంటున్నాము. ఇది నేలకు దగ్గరగా వుంటుంది. బురద, దుమ్ము, క్యాన్లు కడిగిన నీళ్ళు, ఒలికిన పాలు అన్నీ దానిమీదే పడతాయి. గ్రీజు కడుక్కుపోయిన చోట దుమ్ము చేరి సానపట్టినట్లు పిన్నును అరగదీస్తుంది.

పరీక్ష సులువు. ఇంజను ఆపి, పెడలును చేత్తో పైకీ క్రిందికీ మెల్లగా ఆడించండి. ఇరుసు కదలక ముందే పెడలు చాలా దూరం ఆడితే కీలు గాని, పళ్ళు గాని అరిగినట్లు. తొక్కిన పెడలు తనంతట తాను వెనక్కి రాకపోతే పిన్ను ఎండిపోయి వుండవచ్చు. లింకు బాగానే వుంటే క్లచ్చి కేబులు చూడండి. క్లచ్చి సరిగా విడవకపోయినా గేరు ఇలాగే మొండికేస్తుంది.

విప్పే ముందు ఇరుసుమీదా, చేతిమీదా ఎదురెదురుగా రంగుచుక్క పెట్టుకోండి. ఒక్క పన్ను తేడా వచ్చినా పెడలు ఎత్తు మారిపోతుంది. చేతికున్న బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా తియ్యాలి. చాలా బండ్లలో అది ఇరుసు మీది గాడిలోంచి పోతుంది. తియ్యకుండా సుత్తితో కొడితే లోపలి భాగాలకే దెబ్బ. పెడలు పిన్ను సర్‌క్లిప్పు తీసి, పాత జిడ్డును డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత లిథియం గ్రీజు పలుచగా పుయ్యండి. గుండు కీళ్ళకు రబ్బరు తొడుగు మెల్లగా ఎత్తి కొంచెం గ్రీజు పెడితే చాలు. ఇంజనులోంచి తీసిన పాత ఆయిలు పొయ్యడం కొందరికి అలవాటు. అది నిలవదు సరిగదా, దుమ్మును పిలుస్తుంది.

రాడ్డు బిగించేటప్పుడు, పెడలు ఊరకే వున్న స్థితిలో రాడ్డుకూ ఇరుసు చేతికీ మధ్య ఇంచుమించు లంబకోణం వుండాలి. అప్పుడే పైకి ఎత్తినా, క్రిందికి తొక్కినా బలం సమంగా అందుతుంది. రాడ్డు తిప్పితే పొడవు మారుతుంది. ఎందుకంటే చాలా బండ్లలో ఒక కొసన ఎదురు మర వుంటుంది. అక్కడి నట్టు మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఇది తెలియక పానాకు గొట్టం తొడిగి తిప్పి, మర తెంపుకునేవారు వున్నారు. రెండు కొసలా మర తగినంత లోపలికి వుండేటట్లు చూసి నట్లు బిగించండి.

గుండు కీళ్ళు వదులైతే గ్రీజు వాటిని బాగుచెయ్యదు. అదే కొలతకు, అదే మరకు రాడ్డు ఎండు బేరింగులు దొరుకుతాయి. ఆట తక్కువ, గేరు ఖచ్చితంగా పడుతుంది. అయితే తొడుగు లేనివాటిని తరచు తుడవక తప్పదు, మట్టిబాటల్లో తొడుగున్నవే మేలు. పెడలు రంధ్రం అరిగితే లేతు పనివానిచేత ఇత్తడి బుష్ వేయించండి. ఇది చవకైన పని, మా దృష్టిలో అన్నింటికన్న లాభసాటి కూడా. ఇరుసు పళ్ళే అరిగితే మాత్రం చెయ్యి మార్చి ఊరుకోవద్దు, మెకానిక్కుకు చూపించండి.

పని ముగించాక బండిని స్టాండు మీద నిలిపి, వెనుక చక్రం చేత్తో త్రిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడండి. వానాకాలంలో నెలకొకసారి పిన్ను తుడిచి గ్రీజు పెట్టడం మంచిది.

ఈ పని క్యాన్ల దగ్గర చెయ్యకండి. పాల వెన్న వాసనలను ఇట్టే పట్టేస్తుంది. డీజిలు తగిలిన చేత్తో మూత తీస్తే ఆ వాసన పాలలోకి వస్తుంది, ఆ క్యాను కలిసిన పాలన్నీ చెడతాయి. చేతులు సబ్బుతో కడుక్కొని, డీజిలు గుడ్డను దూరంగా పారవేసిన తర్వాతే క్యానును ముట్టుకోండి.